సింహాచలానికి గులాబీ రంగు

అరవై నాలుగులో అనకాపల్లిలో కలర్ ఫొటో అంటే కెమెరా తీసేది కాదు, నాగూర్ మీరా వేసేది. నలుపు తెలుపు ఫొటో మీద, అగ్గిపుల్లకు దూది చుట్టి ఆయిల్ రంగులు రుద్దేవాడు. మనిషిని ఆయన చూడడు. ఫొటో వెనక పెన్సిలుతో రాయించింది చూస్తాడు: చీర ఆకుపచ్చ, జాకెట్టు ఎరుపు, ఒళ్ళు తెలుపు. ఒళ్ళు నలుపు అని రాయించుకున్నవాడు ఈ ఊళ్ళో ఇంతవరకూ పుట్టలేదు. అందుకే ఏ ఇంటి గోడ చూసినా అందరూ ఒకే తల్లి కన్నట్టు గులాబీ రంగులో వేలాడుతుంటారు. ఆ గోడకిందే కూచున్న అసలు మనుషులు మాత్రం బెల్లం పెనం అడుగులా ఉంటారు.

సింహాచలం కూడా నల్లటివాడే. త్రినాధరావు గారి ఇంజను గానుగలో చెరుకు పెట్టేవాడు. నేను పక్కనే పిప్పి ఎత్తేవాణ్ణి. చెరుకు నలిపే రోలర్లకు మూత లేదు. పెట్టించమని మూడుసార్లు అడిగాం. మూత పెడితే చెరుకు నెమ్మదిగా పోతుందన్నారు. మాఘమాసంలో సింహాచలం చెయ్యి పోయింది, చేతి వెనకే మనిషీ పోయాడు.

త్రినాధరావు గారు ధర్మాత్ములు. గానుగ ప్రారంభం నాటి గ్రూపు ఫొటోలోంచి సింహాచలం ముఖం పెద్దది చేయించి, రంగులు వేయించి, సంతాపసభలో అతని పెళ్ళాం బుల్లమ్మకు బహూకరిస్తామని చాటించారు. పంచాయతీ ఎన్నికలు దగ్గరపడ్డాయి మరి.

బుల్లమ్మ దగ్గర మొగుడి ఫొటో ఒక్కటీ లేదు. నన్ను వెంటబెట్టుకుని స్టూడియోకి వచ్చింది. ఇంకా రంగు పడని ఫొటో మీరా చూపించాడు. కనుబొమ మీద గాటు, మాసిన గడ్డం, ఎండకు చిట్లించిన కళ్ళు. భుజం వెనక మూత లేని రోలర్లు.

"ఓలమ్మ, ఆడే!" అంది బుల్లమ్మ. "ఇప్పుడే నన్ను తిట్టి వచ్చినట్టున్నాడు. బాబూ, నాకిది ఇలాగే ఇచ్చీ. రంగులొద్దు. మా గుంటడు ఇంకా పాలు తాగతన్నాడు. రేపు అయ్య ఎవుడంటే ఏటి సూపించను?"

"ఇంకోటి తీసి ఇద్దును తల్లీ," అన్నాడు మీరా. "నెగిటివ్ త్రినాధరావు గారే అట్టుకెళ్ళి పొయ్యిలో ఎట్టేసేరు. గ్రూపు ఫొటోలూ అంతే. ఉన్నది ఇదొక్కటే."

అంతలో త్రినాధరావు గారే దిగారు. సంగతి విని నవ్వారు.

"నలుపుదీ ఒక ఫొటోయేనేటే? పోలీసు టేషన్లో దొంగల ఫొటోలలాగుంటాయి. నేను రంగులేయిత్తంటే నీకు సేదా? రాయి మీరా. ఒళ్ళు, పసిమి. పెదాలు, తాంబూలం. సొక్కా, సిల్కు. జేబులో పెన్ను."

"ఆడికి సంతకం రాదు బాబూ," అంది బుల్లమ్మ.

"సచ్చేక ఎవుడడుగుతాడే! ఎనకాల గులాబీ తోట. ఒత్తుగా వెయ్యి. ఆ ఇనప సామాను కనపడకూడదు."

"గడ్డమో బాబూ?" అన్నాడు మీరా.

"గీసీ."

ఇదీ రంగుల గొప్ప. నలుపు తెలుపుకు ఇంత వినయం లేదు. వెలుగు ఎలా పడిందో అలా పట్టుకుంటుంది. ఎవడు పెద్దమనిషో దానికి తెలీదు. అందుకే పెద్దమనుషులకు అదంటే పడదు.

ఆయన వెళ్ళాక మీరా మీద విరుచుకుపడ్డాను. మీరా తన రంగుల పెట్టె తెరిచి చూపించాడు.

"ఏం సెయ్యను భాయ్? ఒళ్ళు నలుపని రాసినా, ఆ రంగు నేనెప్పుడూ కొనలేదు."

మర్నాడే బెల్లం మార్కెట్టులో సభ. శ్రామికుడే దేశానికి వెన్నెముక అని పావుగంట చెప్పి, త్రినాధరావు గారు పటం మీది గుడ్డ లాగారు.

"ఏ ఊరి జమిందారు మామా ఈడు?" అన్నాడొక బండివాడు.

"సింహాచలం ఎక్కడ్రా మరి?"

"గులాబీల ఎనకాల దాక్కున్నాడేమో, సూడు!"

బుల్లమ్మ రెండు చేతులా పటం అందుకుంది. చాలాసేపు చూసింది.

"ఈడెవుడు?"

"నీ మొగుడే," అన్నారు త్రినాధరావు గారు పళ్ళ బిగువున. "దణ్ణమెట్టు."

"ముక్కూ మొగం తెలీని మొగోణ్ణి అట్టుకెళ్ళి ఇంట్లో ఎట్టుకోమంతావేటి బాబూ? నలుగురూ ఏటనుకుంతారు?"

మార్కెట్టంతా గొల్లున నవ్వింది. బుల్లమ్మ నవ్వలేదు. పటానికి ఇంకా అద్దం బిగించలేదు. బొటనవేలితో ఆ చెంప తడిమింది. వేలికి గులాబీ రంగు అంటింది. అక్కడే కూలబడి, పటం ఒళ్ళో పెట్టుకుని, కొంగుతో రుద్దడం మొదలెట్టింది.

మీరా పరిగెత్తుకొచ్చాడు. లాక్కుంటాడనుకున్నాను. జేబులోంచి టర్పెంటైన్ సీసా, దూది తీశాడు.

"కొంగుతో గీకితే ఫొటో పోద్ది తల్లీ. దీంతో. మెల్లిగా."

"మీరా!" అని అరిచారు త్రినాధరావు గారు.

"అద్దం బిగించేదాకా మార్పులుంటాయి బాబూ," అన్నాడు మీరా, తలెత్తకుండా.

ముందు తాంబూలం పోయింది. తర్వాత పసిమి. గడ్డం మొలిచింది. కనుబొమ మీద గాటు తేలింది.

"వచ్చేడ్రా!" అన్నారెవరో.

నేను ఆగలేకపోయాను. "ఎనకాల కూడా బుల్లమ్మప్పా! ఆ గులాబీలు తుడిసీ! రోలర్లు సూపించు అందరికీ!"

బుల్లమ్మ చెయ్యి ఆపింది. దూది నా చేతిలో కుక్కింది.

"నాక్కావలసినోడు వచ్చేసేడు. గులాబీలు నీ పని."

మోకాళ్ళ మీద కూచుని రుద్దాను. నా చెయ్యి మొరటుది. గులాబీలతోపాటు సగం సిల్కు చొక్కా కూడా పోయింది, రోలరు బయటపడింది. సభ ముగిసిందని త్రినాధరావు గారు మైకులో రెండుసార్లు చెప్పారు. ఎవరూ కదల్లేదు. ముందువాళ్ళ భుజాల మీంచి వెనకవాళ్ళు మెడలు సాచారు.

"తొరగా కానీ తమ్ముడా," అంది బుల్లమ్మ నా నెత్తిన నిలబడి. "పటం అట్టుకుని మా ఊరు కొండకర్ల బస్సెక్కాల."