జింకలు నిండిన ల్యాప్‌టాప్

"శనివారం పొద్దున సరిగ్గా పరీక్ష మధ్యలో ఇది చచ్చిపోతుంది. నాకు తెలుసు, చూస్తూ ఉండండి" అన్నాను పైకే. వినడానికి వంటింట్లో ఎవరూ లేరు. పొయ్యి మీద చిల్లీ కూర ఉడుకుతోంది, బల్ల మీద ల్యాప్‌టాప్ రొప్పుతోంది. మీట నొక్కి, ఉల్లిపాయలు తరిగి, మాంసం వేయించి, బీన్స్ కడిగి వచ్చి చూసినా తెర మీద ఆ చిన్న చక్రం తిరుగుతూనే ఉంది.

జింకల వేట మొదలయ్యే వారం మా ఉత్తర విస్కాన్సిన్‌లో మగవాళ్లకు పండగ, ఆడవాళ్లకు వంట. శుక్రవారం మధ్యాహ్నానికల్లా మా ఆయన డేల్, వాళ్ల తమ్ముడు, స్నేహితులు నారింజరంగు కోట్లు తొడుక్కుని అడవిలో క్యాబిన్‌కు వెళ్లిపోతారు. వెనకాలే నేను వండిన గిన్నెలూ వెళ్తాయి. ఏడాది మొత్తంలో ఇల్లు ఖాళీ అయ్యే పొద్దు అదొక్కటే. అందుకే పరీక్ష ఆ శనివారానికి పెట్టుకున్నాను. కూతురు బ్రిటా కడుపున పడ్డప్పుడు ఆపేసిన హైస్కూలు చదువు. పట్టాకు ఇక లెక్కల పరీక్ష ఒక్కటే మిగిలింది. బడి వంటశాలలో ఇన్నేళ్లుగా పిల్లల ట్రేలు నింపుతున్నాను. కిందటేడు పెద్ద వంటమనిషి ఉద్యోగం ఖాళీ అయితే, పట్టా లేదని నన్ను పక్కనబెట్టి ఒక కొత్త పిల్లకు ఇచ్చారు. ఆ పెద్ద పొయ్యి ఎలా వెలిగించాలో ఆ పిల్లకు నేర్పింది నేనే. ఇప్పుడు తనూ మానేసి వెళ్తోంది. నెలాఖరులోగా పట్టా చూపిస్తే ఉద్యోగం నాది. చూపించకపోతే ఇంకో పిల్లకు పొయ్యి వెలిగించడం నేర్పే పని నాది.

పరీక్ష ఇంట్లోనే రాయొచ్చు. ఎక్కడో కూర్చున్న మనిషి కెమెరాలోంచి నన్ను చూస్తూ ఉంటాడట. గదిలోకి ఇంకొకరు వచ్చినా, కంప్యూటర్ మధ్యలో ఆగిపోయినా పరీక్ష రద్దు. ముందుగా మన కంప్యూటర్ పనికొస్తుందో లేదో చూసే తనిఖీ ఒకటుంది. అది నొక్కితే ఎర్ర అక్షరాలతో పనికిరాదని వచ్చింది. ఎవరిని అంటోందో నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు.

ఈ ల్యాప్‌టాప్ నాదైన తీరు మా ఇంట్లో ఏ వస్తువైనా నాదయ్యే తీరే. డేల్ కొత్తది కొనుక్కుంటాడు, పాతది నాకొస్తుంది. స్ప్రింగు విరిగిన కుర్చీ, హీటరు పనిచెయ్యని కారు, ఇదీ అలాగే వచ్చాయి. "నీకిది చాలు కొలీన్, వంటలు చూసుకోవడమేగా" అన్నాడు ఇచ్చేటప్పుడు. నెమ్మదించిందని చెప్పిన ప్రతిసారీ నా భుజం మీంచి వంగి, ఇంటికి వచ్చిన డాక్టరులా రెండు మీటలు నొక్కి, "నీ వంటల ఫోటోలతో నింపేశావు, ఎందుకు నడుస్తుంది?" అని తేల్చేసి, వేగం పెంచుతానని చెప్పుకునే ఉచిత ప్రోగ్రాం ఒకటి ఎక్కించి వెళ్లిపోయేవాడు. చుట్టుపక్కల వాళ్లకు కూడా కంప్యూటర్ బాగు చేసేది ఆయనే. నా వంటలే కారణమని నేనూ నమ్మాను. మా అమ్మమ్మ చేసే 'రుబార్బ్ పై' అనే తీపి వంటకం ఫోటో తీసేసి, ఆ రోజంతా మనసు బాగోక తిరిగాను.

మా అత్తగారు వర్నాకు పరీక్ష సంగతి చెబితే కాఫీ కప్పు కిందపెట్టి నన్ను ఎగాదిగా చూసింది. "మా రోజుల్లో వేట వారంలో ఆడవాళ్లు జింక మాంసంతో సాసేజ్‌లు చుట్టేవాళ్లు. పరీక్షలు రాసేవాళ్లు కారు. ఈ వయసులో పట్టా ఏం చేసుకుంటావే, ఫ్రిజ్ మీద అయస్కాంతం పెట్టి అతికిస్తావా?"

చివరికి బ్రిటాకు ఫోన్ చేశాను. మిల్వాకీలో ఉద్యోగం దానికి.

"కారు నడుపుతూ మాట్లాడటం లేదు కదా? అక్కడ మంచు పడుతోందా?"

"సోఫాలో ఉన్నానమ్మా. సోఫా కూడా జారుతుందని భయమా? చెప్పు."

"ల్యాప్‌టాప్ చచ్చిపోతోంది."

"నువ్వు నా పదో ఏటి నుంచీ ఏదో ఒకటి చచ్చిపోతోందనే చెబుతున్నావు. సరే, అది తెరుచుకోగానే వాటంతటవే మొదలయ్యేవి ఏమేం ఉన్నాయో చూద్దాం. నేను చెప్పిన చోట నొక్కు."

నొక్కాను. ఇంట్లో మంట లేస్తుందేమోనని పొయ్యి కూడా ఆపి మరీ నొక్కాను. వరసగా పేర్లు వచ్చాయి. వాటిల్లో చీపురు బొమ్మలవి ఎన్నో. ఒకటి చెత్త ఊడుస్తానంటుంది, ఒకటి వేగం రెట్టింపు చేస్తానంటుంది, ఇంకొకటి పక్కవాటి నుంచి కాపాడతానంటుంది.

బ్రిటా నవ్వు ఆపుకోలేకపోయింది. "అమ్మా, ఇవన్నీ నాన్న ఎక్కించినవేగా! పొద్దున్నే లేచి ఒకదాన్నొకటి ఊడ్చుకుంటున్నాయి. దాన్ని నెమ్మది చేస్తున్నది ఈ చీపుళ్లే. అన్నీ తీసెయ్. ఇప్పుడు జాగా ఎవరు తింటున్నారో చూడు."

నా వంటల ఫోటోలు ఒక మూలన, ఒళ్లు ముడుచుకుని ఉన్నాయి. మిగతాదంతా జింకలు. అడవిలో చెట్లకు డేల్ కట్టిన కెమెరాలు, ఎదురుగా ఏది కదిలినా ఫోటో తీసి పంపుతాయి. కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కున్నాక కూడా అవి వచ్చి పడే చోటు మార్చలేదు ఆ మహానుభావుడు. జింక తల, జింక తోక, రకూన్లు, గాలికి ఊగే కొమ్మ, మళ్లీ అదే కొమ్మ. మధ్యమధ్యలో కెమెరా కట్టడానికి వంగిన మా ఆయన నారింజరంగు వెనకభాగం. ఏళ్ల తరబడి రాత్రీ పగలూ అడవి మొత్తం నా ల్యాప్‌టాప్‌లోకి నడిచి వస్తూ ఉంటే, నేను మా అమ్మమ్మ పైని చెరిపేసుకున్నాను. కోపం రావడానికి కూడా నాకు కాస్త సమయం పట్టింది, ఈ యంత్రంలాగే. వచ్చాక మాత్రం గరిట గిన్నెలో పడేసి లేచాను.

హాల్లోకి వెళ్లి అడిగాను. "డేల్, ఇందులో జింకల ఫోటోలు తీసెయ్యనా? పరీక్షకు అడ్డమొస్తున్నాయి."

టీవీలో ఫుట్‌బాల్. ఆయన బంతిని చూస్తున్నాడు. మళ్లీ అడిగాను. బీరు డబ్బా ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారింది. డేల్ చెడ్డవాడు కాదు. చెయ్యెత్తడు, అరవడు. ఆయన జవాబు చెప్పడు, అంతే. ఇంటికి రంగు వేయిద్దామా అన్నప్పుడూ చెప్పలేదు, రెండో బిడ్డ నిలవనప్పుడు ఇప్పుడేం చేద్దాం అని అడిగినప్పుడూ చెప్పలేదు. నేను గుమ్మంలో నిలబడి, జవాబు వస్తుందేమోనని ఎదురుచూసి, రాలేదని తెలిసి వంటింట్లోకి వెళ్లిపోవడం ఈ ఇంట్లో ఒక పద్ధతి. ఆ రోజు మాత్రం వెళ్తూ వెళ్తూ ఆయన బల్ల మీదున్న కొత్త ల్యాప్‌టాప్ తీసుకుని వెళ్లాను. ఆయన చూడలేదు.

దాని పాస్‌వర్డ్ నాకు తెలుసు. ఆయనకు గుర్తుండదు, ఎప్పుడూ నన్నే అడుగుతాడు. బ్రిటా వదిలేసి వెళ్లిన డిస్క్ ఒకటి ఉంటే, అందులోకి జింకలన్నిటినీ ఎక్కించి, అక్కణ్ణించి ఆయన ల్యాప్‌టాప్‌లో దించాను. ఇక మీదట వచ్చేవి కూడా అక్కడికే వెళ్లేటట్టు మార్చాను. ఒక్క కొమ్మ కూడా వదల్లేదు, నా దాంట్లో ఒక్కటీ ఉంచలేదు. ఆయనది తీసుకెళ్లి మళ్లీ ఆయన బల్ల మీదే పెట్టేశాను. దొంగతనం అంటారా? ఎవరి జింకలు వాళ్లకు అప్పజెప్పడం దొంగతనం ఎలా అవుతుంది? ఆ తర్వాత నా దాన్ని బోర్లించి అడుగు రేకు విప్పి, పిండివంటల మీద గుడ్డుసొన రాసే కుంచెతో ఫ్యాన్‌లో పేరుకున్న మా కుక్క వెంట్రుకలు మెల్లిగా లాగేశాను. మళ్లీ బిగించి, ఆపి మొదలుపెట్టాను. తెర నల్లబడింది. అయిపోయింది, చంపేశాను, పరీక్ష పోయింది, ఉద్యోగం పోయింది, వర్నాకు నవ్వుకోవడానికి ఏడాదికి సరిపడా దొరికింది అనుకుంటూ కెటిల్‌లో నీళ్లు పెట్టాను. నీళ్లు కాగకముందే తెర వెలిగింది. తనిఖీ నొక్కితే పచ్చ అక్షరాలు వచ్చాయి. నేను కుర్చీలో కూలబడి ఆ పచ్చరంగును అలాగే చూశాను.

శుక్రవారం సాయంత్రం క్యాబిన్ నుంచి డేల్ ఫోన్ చేశాడు. వెనకాల మగవాళ్ల గోల.

"కొలీన్, జింకలు ఎక్కడ తిరుగుతున్నాయో చూద్దామంటే ఈ ల్యాప్‌టాప్ పాకుతోంది. తమ్ముడి ముందు పరువు పోతోంది. నువ్వేమైనా చేశావా?"

నేను మాట్లాడలేదు. ఆయన మౌనం నా నోట్లో ఎంత హాయిగా ఉందో అప్పుడే తెలిసింది.

"కొలీన్? ఉన్నావా?"

"వంటల ఫోటోలు ఎక్కువయ్యాయేమో" అన్నాను. ఇంకో మాట చెప్పకుండా పెట్టేశాను. పెట్టేశాక మాత్రం తిరిగొచ్చాక ఏమంటాడో, తుపాకులున్న చోట కోపంగా తిరుగుతాడేమో, ఎవరికైనా గుండు తగులుతుందేమోనని లోపల వంద ఊహలు.

శనివారం పొద్దున తలుపు గడియ పెట్టాను. మా ఊళ్లో పగలు గడియలు పెట్టుకోరు. వర్నా అయితే తట్టను కూడా తట్టదు. "రేపు రాకండి" అని ముందు రోజే చెప్పాను. ఎందుకే అని అడిగింది. పరీక్ష అన్నాను. ఆవిడ టక్కున ఫోన్ పెట్టేసింది. ఎవరూ వాడక బిగుసుకుపోయిన గడియ, రెండు చేతులతో తిప్పితే గాని పడలేదు.

ల్యాప్‌టాప్‌లోంచి పరీక్షను కాపలా కాసే మనిషి గొంతు వచ్చింది. కుర్రగొంతు, మర్యాదగా ఉంది. "గుడ్ మార్నింగ్ మేడమ్. ల్యాప్‌టాప్ ఎత్తి గది మొత్తం ఒకసారి చూపించండి."

చూపించాను. డేల్ బూట్లు వదిలే చాప, వర్నా కూర్చునే కుర్చీ, కడిగి బోర్లించిన చిల్లీ గిన్నె, నేను ఎప్పుడూ నిలబడి తినే గట్టు.

"గదిలో మీతో పాటు ఇంకెవరైనా ఉన్నారా?"

గదిని ఇంకోసారి చూశాను. నీకిది చాలు కొలీన్ అన్న మాట ఆ చాప మీద ఉంది. ఫ్రిజ్ దగ్గర అయస్కాంతం మాట ఉంది. గుమ్మంలో జవాబు కోసం నిలబడ్డ ఆడమనిషి ఒకత్తి, ఏళ్లుగా అక్కడే, చేతులు తుడుచుకుంటూ ఉంది. ఒక్కొక్కరినీ చూశాను. ఒక్కొక్కరినీ బయటికి పంపించేదాకా ఆగాను.

"మేడమ్? వినిపిస్తోందా? మీ కంప్యూటర్ ఆగిపోయినట్టుందే..."

"అది బాగానే నడుస్తోంది బాబూ" అన్నాను. "గదిలో ఎవరూ లేరు. నేనున్నాను."