ముఖం మీది గుడ్డ

మా ఊరి మైక్రోబస్సు కాలువలో పడి జనం పోయినప్పటి నుంచి మా ఇంట్లో ఎవరూ దుప్పటి మొహం మీదికి లాక్కోకూడదు. లాక్కుంటే మా ఆయన అబనూబ్ నిద్రలోంచి లేచొచ్చి తీసేస్తాడు. బాత్రూమ్ తలుపు గడియ పెట్టనివ్వడు. తను అంబులెన్సులో పనిచేస్తాడు. ఆ రోజు నీళ్లలోంచి తీసిన వాళ్లందరినీ తెల్లగుడ్డలో చుట్టింది తనే. ఏం చూశావని అడిగితే "ఆకలేస్తోంది, పెట్టు" అంటాడు.

ఊళ్లోవాళ్లకేం, "వీరుడివయ్యా" అంటూ భుజం తట్టిపోతారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఈ వీరుడితో కాపురం చేసేది నేను కదా.

గుడ్ ఫ్రైడే పొద్దున, తను చర్చిలో ఫాదర్‌కి సాయపడే డీకన్‌గా వేసుకునే తెల్లంగీ ఇస్త్రీ చేసి ఇచ్చాను.

"ఇవాళే ఆఖరు. రేపట్నుంచి చర్చీ వద్దు, అంబులెన్సూ వద్దు. సాయంత్రం ఈ అంగీ ఇంటికి తెచ్చేస్తా, ఎవరికైనా ఇచ్చెయ్" అన్నాడు.

"ఇంట్లో కూచుని ఏం చేస్తావ్? నా మొహం చూస్తావా?"

"చూస్తా" అన్నాడు. నవ్వలేదు.

ఆ సాయంత్రం మా చర్చిలో క్రీస్తు పటాన్ని తెల్లగుడ్డలో చుట్టి, గులాబీ రేకులు చల్లి, బలిపీఠం మీద సమాధి చేస్తారు. ఏటా ఫాదరే చుట్టేవాడు. ఈసారి ఆ ఫాదరే, మా అబూనా సరబామోన్, అందరూ వినేలా అన్నాడు: "ఇవాళ చుట్టేది మన అబనూబ్. మన బిడ్డల్ని చుట్టిన చేతులివి." గౌరవం అనుకున్నాడు, పిచ్చి మారాజు.

లోపల బలిపీఠం దగ్గర తను, చుట్టూ డీకన్లు, వాకిలి నిండా జనం. ఆడవాళ్లం అక్కడ అడుగు పెట్టకూడదు. అరిచినా పాటల హోరులో వినపడని చోట ఇరుక్కుపోయాను.

అబనూబ్ పటంలోని పాదాల దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. చేతులు పని తెలిసినట్టే కదిలాయి. గడ్డం దాకా వచ్చి ఆగిపోయాయి.

"కప్పు నాయనా" అన్నాడు అబూనా.

"వద్దు."

పాట ఆగింది. ఆ మాట చర్చంతా వినిపించింది.

"ఇది తీయడానికే కప్పేది రా. ఆదివారం తెల్లారేలోపు తీసేస్తాం కదా."

"మరి బస్సులో ఆ పిల్ల మీదిది ఎవరు తీస్తారు అబూనా? ఎర్ర జడపిన్ను పెట్టుకుంది. వాళ్లమ్మ వచ్చేలోపు కప్పేశాను. ఆవిడ చూపించమంటే పోలీసులు చూపించలేదు. నేనూ నోరెత్తలేదు."

అబూనా నోట బైబిలు వాక్యం వస్తుందనుకున్నాను. రాలేదు. అంత పెద్దమనిషి బలిపీఠం పక్కన నేల మీద కూలబడి, అబనూబ్ చెయ్యి పట్టి కూచోబెట్టుకున్నాడు.

"తెలీదు రా. నేనూ ఎదురుచూస్తున్నా."

మా ఆయన ఏడ్చాడు. ప్రమాదమైన ఇన్ని నెలల్లో అదే మొదలు. పాడు లోకం, నా భుజం మీద ఏడవాల్సినవాడు అక్కడ ఏడుస్తుంటే నేను దూరం నుంచి చూశాను.

పొద్దుట్నుంచి ఉపవాసంతో పచ్చి మంచినీళ్లు ముట్టని జనం. నా పక్కన ఉమ్ మిలాద్ అని ఓ ముసలావిడ, గంట నుంచి "ఎప్పుడు వదుల్తార్రా, ఇంట్లో వండిన బీన్స్ చల్లారిపోతాయి" అని సణుగుతోంది. ఆవిడే ముందు అరిగిన మోకాళ్ల మీద వంగి "ప్రభువా, కరుణించు" అంది. వరసలన్నీ వంగాయి. నేనూ వంగాను.

చివరికి అబూనా లేచి, ముఖం కప్పకుండా దాని మీద రేకులు మాత్రం పెట్టాడు. "రేపు రాత్రి తీసేటప్పుడు నువ్వే ఉండాలి."

"డ్యూటీ ఉంది" అన్నాడు, పొద్దున అంబులెన్సే వద్దన్న మనిషి.

"మార్పించుకో. ఆ తర్వాత ఆ పిల్ల తల్లి దగ్గరికి ఇద్దరం వెళ్దాం. నువ్వు చూసింది ఆవిడకి చెప్పు."

అబనూబ్ బయటికొస్తుంటే ఖాళీ చేతులు చూసి, "అంగీ ఏది? ఎవరికివ్వమంటావ్?" అన్నాను.

"లోపల నా చిలక్కొయ్యకే తగిలించా" అన్నాడు.