రెండో సంతకం

మా ఆదివారం గుంపుకి ఒక్కటే కట్టుబాటు. ఏ చిట్కా అయినా కాగితం మీదికి ఎక్కాలంటే కింద రెండు సంతకాలు ఉండాలి. మొదటిది రాసినవాడిది. రెండోది, దాన్ని తన సొంత కంప్యూటర్ మీద నడిపి చూసిన ఇంకొకరిది. మేం వాడేవన్నీ ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములు. లోపల ఏం రాసి ఉందో ఎవరైనా చదవచ్చు, దిద్దవచ్చు. చదవచ్చు కదా అని అందరూ చదివేస్తారనుకుంటే పప్పులో కాలేసినట్టే. అందుకే ఆ రెండో సంతకం.

కాగితమంటే మా వారపత్రిక. ఒక్కటే ఠావు, ముందువైపు వార్తలు, వెనకవైపు చిట్కాలు. గడియారాలు బాగుచేసే మాస్టారి దుకాణం పైనున్న గదిలో పదిమందిమి చేరతాం. పాత కంప్యూటర్లు విప్పుతాం, లేపి కూర్చోబెడతాం, పోట్లాడుకుంటాం. కాగితం తయారుచేసేది నేను. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం నాది. ఇరవై రెండేళ్ళుగా ఎదుటివాడి తప్పులు పట్టుకునే బతుకుతున్నాను. జ్వరమొచ్చి మందుసీసా చేతికిచ్చినా ముందు దాని మీద అచ్చుతప్పులు వెతుకుతాను.

అలాంటి నాకు మౌని మొదటిరోజే నచ్చలేదు.

ఆ పేరు మేం పెట్టిందే. నాలుగు నెలల కిందట వచ్చాడు, ముప్పై అయిదేళ్ళుంటాయి. ఏం చేస్తుంటావయ్యా అంటే "ఏవో రికార్డులు చూస్తుంటానండీ" అన్నాడు. ఏ రికార్డులో, ఎక్కడో చెప్పలేదు. తన కంప్యూటర్ ఒక్కనాడూ తేలేదు. మెడలో తాడుకి పెన్‌డ్రైవ్ వేలాడేసుకుని అందరి పక్కనా చేరతాడు. ఈ నెల్లాళ్ళుగా మరీనూ, "ఇది ఎన్నేళ్ళదండీ? తేదీ సరిగ్గా చూపిస్తోందా?" అని ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు. తేదీతో ఇతనికేం పని? పైగా అందరి టీ గ్లాసులూ అడక్కుండానే కడుగుతాడు. అడక్కుండా గ్లాసులు కడిగేవాణ్ణి నేను చచ్చినా నమ్మను.

ఆ మధ్యే కాగితం ముందువైపు ఒక వార్త రాశాను. ఒంటిచేత్తో ఒక ప్రోగ్రాముని చూసుకుంటున్న మనిషి దగ్గర ఎవడో సాయం చేస్తానని చేరాడు. ఏళ్ళ తరబడి బుద్ధిగా పనిచేసి, నమ్మకం కుదిరాక, వాడేవాళ్ళ కంప్యూటర్లలోకి తను చాటుగా దూరేందుకు లోపల దొంగతలుపు పెట్టాడు. రాస్తున్నంతసేపూ నా కళ్ళ ముందు మౌనే కనిపించాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అక్క కొలతలు మాయమవడం మొదలైంది.

అక్కది కుట్టు దుకాణం. చిన్న గది, మూడు తొక్కుడు మిషన్లు, ఒక బల్ల, ఒక ఇస్త్రీపెట్టె. గది మొత్తానికీ ఒక్కటే ప్లగ్గు. ఇస్త్రీ చెయ్యాలంటే కంప్యూటర్ తీగ పీకాల్సిందే. ఆ కంప్యూటర్ మా గుంపులో బాగుచేసింది, నేనే మోసుకెళ్ళి పెట్టాను. అంతకుముందు పద్దెనిమిదేళ్ళ కొలతలు తొమ్మిది లావుపాటి నోటుబుక్కుల్లో ఉండేవి. రెండు నెలలు కూర్చుని అన్నీ ఎక్కించి, నోటుబుక్కులు పాతకాగితాలవాడికి నేనే వేసేశాను. అక్క ఒకదాన్ని వెనక్కి లాక్కోబోయింది. "ఇందులో ఉంటే బండ మీద చెక్కినట్టేనక్కా" అని నవ్వాను.

ఇప్పుడు తనకి ఒక బడి యూనిఫాంల పని వచ్చింది. నూట నలభై మంది పిల్లలు. కొలతలు తీసుకొచ్చి ఎక్కించింది, సోమవారానికి అరవై మందివి ఫైల్లో లేవు. మళ్ళీ వెళ్ళి తీసుకుంది. మళ్ళీ పోయాయి. మూడోసారి వెళ్తే హెడ్మిస్ట్రెస్ "ఇదే ఆఖరు. ఇంకోసారి పిల్లల్ని ఎండలో నిలబెట్టమంటే వేరే దుకాణం చూసుకుంటాం" అని మొహం మీదే చెప్పేసింది. ఈ పని పోతే అక్క దగ్గర కుట్టే ఇద్దరు ఆడవాళ్ళూ ఇంటికి పోవాల్సిందే. ఆ మాట అక్క నాతో అనలేదు, వాళ్ళిద్దరూ నావైపు చూసే చూపులో తెలిసింది.

శనివారం మధ్యాహ్నం అటు వెళ్తుంటే అక్క దుకాణంలోంచి మౌని బయటికొస్తున్నాడు. నన్ను చూసి పెన్‌డ్రైవ్ చొక్కా లోపలికి తోసుకున్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే అదే.

"వాడెందుకొచ్చాడు?" అన్నాను.

"చొక్కా గుండీ ఊడిందట" అంది అక్క, నా వైపు చూడకుండా.

అతని చొక్కాకి గుండీలన్నీ ఉన్నాయి. నేను లెక్కపెట్టాను.

మర్నాడు ఉదయం, ప్రతి ఆదివారంలాగే, గుంపుకి వెళ్ళేముందు అక్క దుకాణంలో ఆగాను. అక్కడ నెట్ లేదు. నా ఫోన్లోంచి ఇచ్చి, ప్రోగ్రాములు సరిచూసి, చివర్న ఊడ్పు నడిపిస్తాను. ఊడ్పు నా సొంత చిట్కా. దాచినప్పుడల్లా ఫైలుకి ఒక నకలు పుట్టి చోటంతా నిండిపోతుంది. నా ఊడ్పు తేదీ చూసి, అన్నిటికన్నా కొత్త నకలు ఉంచి మిగతావి చెరిపేస్తుంది. కాగితంలో వేసినప్పుడు అందరూ మెచ్చుకున్నారు. అదయ్యాక కొలతల ఫైలు తెరిచాను.

అరవై మంది లేరు.

"పోయాయా?" అంది అక్క, కాజాలు కుడుతున్న గుడ్డ మీంచి తలెత్తకుండా.

"పోలేదు, ఎత్తుకుపోయాడు! ఇవాళ వాడి తాడు తెంపకపోతే చూడు."

"సరే పద, నేనూ వస్తాను" అంది. ఎప్పుడూ గుంపుకి రాని మనిషి. ఏడవాల్సిన మనిషి నెమ్మదిగా సూది గుడ్డకి గుచ్చి పెట్టి, మెడలో టేపుతోనే బయల్దేరింది. వీధిలో మనిషి నడక చూసి అనుమానించే నాకు అక్కడ ఏ అనుమానమూ రాలేదు.

గదిలో అందరూ ఉన్నారు. మౌని గ్లాసులు కడుగుతున్నాడు.

"ఆ తాడు తీసి బల్ల మీద పెట్టు" అన్నాను.

తడిచేతులు తుడుచుకుని తీసి పెట్టాడు. మాస్టారు తన కంప్యూటర్‌కి తగిలించారు. అందులో ఒక్కటే ఫైలు, దాని పేరులోనే శనివారం తేదీ. తెరిస్తే నూట నలభై మందీ ఉన్నారు, పేరుపేరునా.

"చూశారా! ఇదీ దొంగసొత్తు!" అని అరిచాను.

"సొత్తు నాది. తేదీలు అడుగుతున్నాడని నువ్వు తిట్టిపోసే ఇతన్నే పిలిపించి తీయించుకున్నది నేను" అంది అక్క.

మెడలోని టేపు తీసి చేతికి చుట్టుకుంటూ మళ్ళీ తనే అంది.

"పోయినప్పుడల్లా చూస్తున్నానురా. శనివారం దాకా ఉంటాయి. ఆదివారం నువ్వొచ్చి వెళ్ళాక ఉండవు. ఇవాళ కూడా నువ్వొచ్చేదాకా ఉన్నాయి."

"అంటే నేనేనా? నా మీదా నీకు అనుమానం?"

అక్క మౌని వైపు చూసింది. మౌని మాట్లాడాడు. నాలుగు నెలల్లో అతను అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడింది అప్పుడే.

"ఇస్త్రీ కోసం తీగ పీకగానే ఆ కంప్యూటర్ తేదీ మర్చిపోతోందండీ. లోపల కోటు గుండీ అంత బ్యాటరీ ఉంటుందే, అది చచ్చిపోయింది. మళ్ళీ పెడితే పదిహేనేళ్ళ కిందటి తేదీతో లేస్తుంది. అక్కగారు ఆ తరవాత దాచినవన్నీ పాత తేదీతో పడతాయి. ఆదివారం మీరు నెట్ ఇవ్వగానే తేదీ సర్దుకుంటుంది. అప్పుడు మీ ఊడ్పు, కొత్తగా రాసినవే పాతవనుకుని ఊడ్చేస్తుంది."

"తెలిసీ ఇన్నాళ్ళూ నోరు విప్పలేదేం?"

"కాగితంలో చిట్కా చదివినప్పుడే అనుమానమొచ్చింది గానీ, రెండు సంతకాలున్నాయి కదండీ. నేనే పొరబడ్డానేమో అనుకున్నాను. అందుకే అందరి కంప్యూటర్లలో తేదీ చూస్తూ వచ్చాను."

మాస్టారు లేచి గోడ మీది పాత కాగితం పీకి, కళ్ళద్దాలు పెట్టుకుని చూశారు. ఊడ్పు చిట్కా కింద మొదటి సంతకం నాది. రెండోది ఆయన పేరు, నా చేతిరాతలో.

"దీన్ని నేనెప్పుడు చూశానురా?"

"నువ్వు చూస్తే నేను చూసినట్టే, పెట్టేసెయ్ అన్నారు కదండీ ఒకసారి..."

"అన్నానే అనుకో. ఊళ్ళో వాళ్ళ గడియారాలు బాగుచేస్తాను గానీ నా కంప్యూటర్‌లోనూ బ్యాటరీ చచ్చి ఏడాదైంది. నా దగ్గర ఒక్కసారి నడిపిస్తే ఆ రోజే బయటపడేది."

"కంచే చేను మేసిందన్నమాట" అన్నారు వెనకనించి ఎవరో. ఎవరూ నవ్వలేదు. ఎవరో ఒకరు నవ్వితే బాగుండుననిపించింది.

"నన్నే అడగొచ్చు కదక్కా" అన్నాను చివరికి.

"అడిగితే నీకు కోపమొస్తుంది. నువ్వు తప్పు చేశావని నీకెవరు చెప్పగలరురా? అమ్మ చెప్పగలిగిందా?"

అక్కడే కూర్చుని, ఊడ్పు ఎవరూ వాడొద్దని సవరణ రాసి, కింద సంతకం పెట్టి, కాగితం మౌని వైపు జరిపాను. అతను శ్రద్ధగా రెండుసార్లు చదివాడు.

"ఇంటి దగ్గర నడిపి చూసి, వచ్చే ఆదివారం పెడతానండీ" అని మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాకు కోపం రాబోయి ఆగిపోయింది.

మాస్టారి సొరుగులోంచి బ్యాటరీ తీసుకుని ఆ సాయంత్రమే అక్క కంప్యూటర్‌కి వేశాను. కొలతలన్నీ తిరిగి ఎక్కించాను. యూనిఫాంల పని నిలబడింది. బల్ల మీద కొత్త నోటుబుక్కు ఒకటి ఉంది. అప్పటికే సగం నిండింది.

ఇంతలో ఎవరో పెద్దమనిషి చొక్కా కుట్టించుకోవడానికి వచ్చాడు. అక్క చేతులు ఖాళీగా లేవని నేనే టేపు పట్టుకున్నాను.

"భుజం పద్దెనిమిదిన్నర" అన్నాను.

అక్క కలం పట్టుకుని లేచి వచ్చింది. నా వేలి కింద టేపు మీది అంకె తను ఒకసారి చూసుకుని, అప్పుడు రాసుకుంది.