బాతులు లేవకుండా

పక్షులకు లెక్కలు రావు. మా ఆయన బాతుల ఫోటోలు తీయడమంతా దీనిమీదే నడుస్తుంది. మడుగు అంచున రెల్లు దుబ్బుల్లో ఆయన కట్టుకున్న మాటు ఒకటుంది. నాలుగు కర్రలు, పాత గోనెపట్టాలు, కెమెరా మూతి పట్టేంత కంత. ఒక్క మనిషే అందులోకి దూరితే వలస బాతులు ఆ రోజుకి అటు రావు. ఇద్దరు వెళ్లి, ఒకరు బయటికొచ్చి, అవి చూస్తుండగానే నడిచి వెళ్లిపోతే మాత్రం మాటు ఖాళీ అయిందనుకుని మళ్లీ నీళ్లమీద వాలతాయి. ఆ వెళ్లిపోయే మనిషిని నేను.

వెళ్లడానికీ పద్ధతుంది. పరిగెత్తకూడదు. బాతులవైపు చూడకూడదు. ఏదైనా మెడ ఎత్తిందంటే, దించేదాకా ఉన్నచోటే ఆగిపోవాలి. పెళ్లైన కొత్తలో నేర్పారు. ఇప్పుడు నా కాళ్లకే తెలుసు.

"ఏడో తరగతితో బడి మానేసినదానివి, లెక్కలు రాని బాతులకి నువ్వే సరైన జోడీ" అని మా అత్తయ్య ఎగతాళి. ఆవిడని మాత్రం ఆయన మాటు దరిదాపులకి రానివ్వరు. "నేనొచ్చి నోరు తెరిస్తే బాతులేంటి, కప్పలు కూడా ఊరొదిలి పోతాయిలే" అని ఆవిడే నవ్వుతుంది.

ఆయన పట్నంలో ఫోటో స్టూడియోలో పనిచేస్తారు. గడ్డం పైకెత్తండి, కొంచెం దించండి అని రోజంతా పాస్‌పోర్టు ఫోటోలు. క్యాలెండర్లు వేసేవాళ్లు ఒక బొమ్మ అడిగారు. గుంపు గుంపంతా రెక్కలు ముడుచుకుని నీళ్లమీద ఉండాలి, పైన మంచు, ఆ మంచులోంచి ఎండ. చలికాలం మొదలైనప్పటి నుంచీ ఆయనకి అదే ధ్యాస.

ఆవేళ తెల్లారుజామున మా చంటిపాప దగ్గుతూ లేచింది. మామూలు దగ్గు కాదు, డొల్ల డబ్బా మీద కొట్టినట్టుంది.

"ఈ పూటకి మానెయ్యకూడదా?" అన్నాను.

ఆయన పాప నుదుటిమీద చెయ్యి వేసి చూశారు. "జ్వరం లేదుగా. నీకు తుమ్మినా భయమే. మంచు పల్చబడుతోంది, ఎండ పడగానే వచ్చేస్తా. పద, పద."

పాప కాస్త ఎక్కువసేపు నిద్రపోయినా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసే రకం నేను. పిరికిదని పేరు పడ్డాక, నిజంగా భయం వేసినప్పుడు ఎవరితో చెప్పుకోవాలి? పాపని అత్తయ్య ఒళ్లో పెట్టి ఆయన వెంట వెళ్లాను. మాటులో దింపి, తలొంచుకుని, గట్టుమీద నెమ్మదిగా తిరిగొచ్చాను.

గుమ్మంలోకి వచ్చేసరికి అత్తయ్య పాపని భుజాన వేసుకుని గదంతా తిరుగుతోంది. నేను చేతులు చాపి పాపని అందుకున్నాను.

"పళ్లొస్తున్నాయేమో అనుకున్నానే అమ్మాయ్" అంది. "కాదు. ఇటు చూడు."

చొక్కా ఎత్తి చూపించింది. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం గుంటపడుతోంది. పెదాల చుట్టూ రంగు మారింది. ఏడుద్దామని నోరు తెరుస్తోంది, గొంతు రావడం లేదు.

ఉన్న ఒక్క బండి తాళం ఆయన జేబులో ఉంది. మాటులో ఆయన ఫోన్ ఆపేసి ఉంచుతారు. "పాపని నాకిచ్చి నువ్వెళ్లి పిలుచుకురా" అంది అత్తయ్య. నా చేతులు వదల్లేదు. శాలువాలో చుట్టుకుని ఇంటి నుంచి గట్టుదాకా పరుగే పరుగు.

గట్టు ఎక్కగానే కాళ్లు నెమ్మదించాయి.

నేను నెమ్మదించమనలేదు. అవే నెమ్మదించాయి. కుడివైపు నీళ్లమీద గుంపంతా ఉంది, ఒకదాన్నొకటి ఒరుసుకుని. నేను తల వంచాను. శాలువా లోపల పాప ఊపిరి చిల్లుపడిన తిత్తిలా కూస్తోంది. ఎక్కడో ఒక బాతు మెడ ఎత్తింది. ఆగాను. బిడ్డ నా గుండెలమీద గిలగిలా కొట్టుకుంటోంది, నేను ఆగాను. అది మెడ దించింది. మళ్లీ అడుగు వేశాను. ఇంకొకటి ఎత్తింది.

మాటు గోనె తొలగించేసరికి కెమెరా టకటకా కొట్టుకుంటోంది. ఆయన వెనక్కి తిరగలేదు. "ష్... ఎండ పడింది. ఒక్క నిమిషం."

"పాపకి ఊపిరాడటం లేదండీ." నేనూ గుసగుసగానే చెప్పాను.

ఆయన తిరిగి చూశారు. పాపని చూడగానే పెట్టిన కేకకి మడుగంతా ఒక్కసారి లేచింది. నెత్తిమీద రెక్కల హోరు, నీళ్ల చప్పుడు. ఆయన కెమెరా అక్కడే వదిలేసి పాపని లాక్కుని పరిగెత్తారు. వెనకాలే నేను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పాప మొహానికి మాస్కు పెట్టి మందు పొగ పట్టించింది. "ఇంతదాకా ఎందుకు ఆగారు?" అనడిగింది. గొంతు లోపల వాచి దారి మూసుకుపోతోందట. ఇంకాస్త ఆలస్యమైతే అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేసింది. ఇంకా గండం గడవలేదు, కళ్లు తిప్పకుండా చూస్తూ ఉండమంది.

మంచానికి చెరోపక్కా కూర్చున్నాం. ఆయనే మొదలుపెట్టారు.

"నువ్వు రావడం లెన్సులోంచి చూశాను. నెమ్మదిగా వస్తున్నావు కదా అని... పాపకి తగ్గింది, చూపిద్దామని తెస్తున్నావనుకున్నా. పరిగెత్తుకుంటూ రాకూడదూ? బాతులు పోతే పోయేవి."

"పోతే మీరేమంటారో అని."

"ఏమంటాను? బిడ్డకన్నా బాతులెక్కువా నాకు?"

"ఏమో. నేనెప్పుడూ వాటిని లేవనివ్వలేదుగా, ఏమంటారో నాకెలా తెలుస్తుంది?"

మాస్కు జారుతుంటే ఆయన సరిచేసి, పాప కడుపుమీద అరచెయ్యి ఆనించి కూర్చున్నారు. ఆ చేతికింద గుంట ఇంకా పడుతూనే ఉంది. కాస్త తక్కువగా పడుతోందా, లేక నేనలా అనుకుంటున్నానా, తేల్చుకోలేకపోయాను.

కిటికీ బయట మంచు పూర్తిగా విడిపోయింది. ఎండ మంచి రంగులో ఉంది. ఆయన అటు చూడలేదు. చూస్తారా లేదా అని నేను మాత్రం, పాప మీంచి కళ్లు తిప్పి, ఆయన్నే చూశాను.