గోనెగండ్ల ఈరన్నకు పుట్టినరోజు శుభాకాంక్షలు

ఉగ్గాని బాణలి మీద నుంచి తల ఎత్తిన మెహరున్నీసా గరిటె అడ్డం పెట్టుకుంది: నలభై మందికి పైగా మగవాళ్లు ఆమె హోటల్‌ను ముట్టడించి నిలబడ్డారు. ఒక్కడి చేతిలోనూ కర్ర లేదు, ప్రతివాడి చేతిలోనూ ఆధార్ కార్డు ఉంది.

"ఎవరప్పా మీరు?"

"ఈరన్న," అన్నాడు ముందున్నవాడు.

"ఈరన్న," అన్నాడు వాడి వెనకవాడు.

"నేనూ ఈరన్నేలే అక్కా. గోనెగండ్ల. నా ప్లేటు యాడ?"

ఆమె భర్త ఖాజా శనగపిండి చేతులతో వంటగదిలోంచి తొంగిచూసి, చూసినంత వేగంగా లోపలికి పోయాడు.

దీనికంతటికీ మూలం ఒక రేడియో కార్యక్రమం. ఎమ్మిగనూరు బస్టాండు ఎదురుగా అద్దాల తలుపులతో కొత్త టిఫిన్ సెంటర్ వెలిసినప్పటి నుంచి, సందులో ఉన్న మెహరున్నీసా హోటల్‌కు గిరాకీ పడిపోయింది. అప్పుడు ఊళ్లోని చిన్న ఎఫ్ఎం రేడియోలో పనిచేసే రఘు ఒక ఉపాయం చెప్పాడు. "పొద్దున ఏడింటికి పుట్టినరోజు శుభాకాంక్షలు చదువుతాను కదా అక్కా. ఒక నెల నీ హోటల్ పేరు మీద చదువుతా. పేరొచ్చినోళ్లకు నువ్వు ఒక ప్లేటు ఉగ్గాని బజ్జి ఊరికే పెట్టు. జనం నిన్ను మరుస్తారా?"

మెహరున్నీసా ఒప్పుకుని, పుట్టినరోజు పేర్లు రాసి వేసేందుకు గల్లా పక్కన చీటీల డబ్బా పెట్టింది. ఇరవై తొమ్మిది రోజులు రఘు గొంతు చించుకున్నాడు. వచ్చింది ఇద్దరు. అందులో ఒకరు పక్కింటి మేరి. ఒక్క ప్లేటు ఉగ్గాని కోసం పెద్దకడుబూరు నుంచి బస్సెక్కి ఎవరొస్తారు? ఇవాళ ముప్పయ్యో రోజు. ఇవాళా ఇంతే అయితే హోటల్ మూసేసి, ఆదోని పత్తి జిన్నింగ్ మిల్లులో పనికి పోదామని నిన్న పొద్దున మొగుడూ పెళ్లాలు గట్టిగానే అనుకున్నారు.

ఇవాళ ఏడింటికి రఘు చదివింది ఒకే ఒక్క చీటీ. "గోనెగండ్ల ఈరన్నకు పుట్టినరోజు శుభాకాంక్షలు!" ఇంటిపేరు లేదు, తండ్రి పేరు లేదు. ఉరుకుంద ఈరన్నస్వామికి మొక్కుకుని ఆయన పేరు పెట్టుకోని ఇల్లు ఈ చుట్టుపక్కల వెతికినా దొరకదు. పైగా ఇవాళ సంత. గోనెగండ్ల సగం ఎమ్మిగనూరులోనే ఉంది.

మెహరున్నీసా కొంగు బిగించింది. "పేరుంటే సరిపోదప్పా. పుట్టినరోజు ఉండల్ల. చూపీండి కార్డులు!"

చూపించారు. మొదటిది జూలై ఒకటి. రెండోది జూలై ఒకటి. పదోదీ, ఇరవయ్యోదీ అదే. గోడకున్న క్యాలెండర్ కూడా అదే చెబుతోంది.

"యా అల్లా!" అన్నాడు ఖాజా తలుపు చాటు నుంచి. "ఊరు ఊరంతా ఒకే దినం పుట్టిందా?"

నెరిసిన మీసాల ఈరన్న ఒకడు నవ్వాడు. "మాయమ్మ నన్ను జొన్న కోతల్లో కనింది. ఈ తేదీ బళ్లో ఐవారు రాసింది."

"మెహర్, షట్టర్ దించుదాం," అని గుసగుసలాడాడు ఖాజా. "బొరుగులు మూటెడే ఉండాయి."

"దించితే? రేడియోలో ఒప్పుకున్న మాట అది. గోనెగండ్లంతా మనల్ని అబద్ధాలోళ్లంటాది. మూసుకుని పోయేదే అయితే మంచి పేరుతో పోదాం. నువ్వు బట్టీకి పోయి బొరుగులు తే!"

ఇక చూడాలి ఆ సందు సంబరం. బొరుగులు నీళ్లలో మునగడం, పిండుకుని పైకి రావడం, ఉల్లిపాయల తాలింపులో పడి పసుపు రంగుకు తిరగడం, పైన పుట్నాల పొడి, పక్కన మిరపకాయ బజ్జి. కానీ ఒంటరిగా తినే ఈరన్న ఎక్కడున్నాడు? ఒకడి వెంట బావమరిది, ఇంకొకడి వెంట పెళ్లాం, అత్త, అత్త చెల్లెలు. వాళ్లంతా కొనుక్కునే తిన్నారు. పుట్టినరోజు కదా అని ఈరన్నలు కూడా రెండో ప్లేటు కొన్నారు. అద్దాల టిఫిన్ సెంటర్ సర్వర్లు ఇద్దరు గొడవేమో చూద్దామని వచ్చి బజ్జీలు కట్టించుకుని పోయారు. ఖాజా మూడుసార్లు బట్టీకి పరిగెత్తాడు.

తొమ్మిదింటికి రఘు బండి మీద ఊడిపడ్డాడు. "అక్కా, రేడియోకు ఒకటే ఫోన్లు! మీ హోటల్ యాడ అని అడుగుతాండారు!"

"అది సరే. ఆ చీటీ ఇట్లియ్యి."

ఎర్ర సిరా. ముత్యాల్లాంటి గుండ్రటి అక్షరాలు. పేరు కింద స్కేలు పెట్టి గీసిన గీత. మెహరున్నీసా నెరిసిన మీసాల ఈరన్న వైపు తిరిగింది. "మీ తేదీలు రాసిన ఐవారి పేరేంది?"

"భీమసేనరావు సార్."

ఆమెకు తెలిసిన పేరే. నేరుగా వెనక బల్ల దగ్గరికి నడిచింది. అక్కడ నాలుగేళ్లుగా రోజూ గోడవైపు తిరిగి తినే ఒక పెద్దాయన ఇవాళ కూడా గోడవైపే తిరిగి ఉన్నాడు. "సార్, ఇట్ల తిరుగు."

ఆయన తిరిగాడు. ఈరన్నలంతా ప్లేట్లతో సహా లేచి నిలబడ్డారు. "నమస్తే సాఆఆర్!"

"కూచోండి," అన్నాడాయన అలవాటు కొద్దీ. అందరూ ఎక్కడివాళ్లక్కడ, వీధిలోనే కూర్చున్నారు. రఘు ఫోన్ ఆయన మూతి దగ్గర పెట్టాడు.

"నేనేనమ్మా. ఆ చీటీ నాదే, ఆ పుట్టినరోజులూ నావే. గోనెగండ్ల బళ్లో ఇరవై ఏండ్లు హెడ్మాస్టర్‌ని. పిల్లోణ్ని చేర్చేకి వచ్చినోళ్లను తేదీ అడిగితే 'వానలు పడినంక సార్' అనేవాళ్లు. వానలు పడినంక అంటే నేనేం రాయల్ల? అందరికీ జూలై ఒకటి రాసేసినాను. నిన్న మీరు హోటల్ మూస్తామంటే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మా ఇంట్లో ఉల్లిపాయ గడప తొక్కదు తల్లీ. నడకకు పోతాండానని మా ఇంటామెకు చెప్పి దినామూ ఈడికే వస్తాండాను. నువ్వు ఆదోనికి పోతే నా గతేంది? అందుకే మా పిల్లోళ్లను పిలిపించినాను. ఏందప్పా రఘూ, ఆ ఫోన్... ఇదంతా రేడియోలో పోతాందా? ఇప్పుడేనా? సరే, పోనీ. తులసీ, వింటాండావు గదా. నువ్వు రేడియో కట్టెయ్యవని నాకు తెలుసు. నాలుగేండ్లలో నేను ఒక్క దినమూ నడకకు పోలేదు. స్నానానికి నీళ్లు పెట్టు. ఈ ప్లేటు అయిపోతానే వస్తా."