మృగశిర కార్తె నాడు సెలెటార్ గట్టు మీద

హలో, అందరికీ వినబడుతోందా? నేను రామారావు అంకుల్‌ని, లిటిల్ ఇండియాలో కిరాణా కొట్టులో కనబడతానే, ఆయన్నే. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి, తప్పులుంటే సర్దుకోండి. బయట పెద్ద వాన. ఇలాంటప్పుడు కొండయ్య బాబాయి గుర్తొస్తాడు.

ఐటీ మంచి ఊపు మీదున్న రోజులవి. బుకిట్ బటోక్‌లో మా పక్క ఫ్లాట్ శ్యాంసుందర్‌ది. ప్రోగ్రామర్. పని తప్ప తిండి ధ్యాస ఉండేది కాదు. వాళ్ల నాన్నే కొండయ్య. జగిత్యాల వైపు చెరువుల్లో చేపలు పట్టి కొడుకుని చదివించాడు. విజిట్ వీసా మీద వచ్చాడు గానీ, కొడుకు పక్కన కూర్చుని ఒక్క పూట తిన్నది లేదు. ఇంతలో మృగశిర కార్తె వచ్చింది. వాళ్ల వైపు ఆ రోజు చేప వండని ఇల్లుండదు.

"మార్కెట్‌లో కొందాం నాన్నా" అన్నాడు శ్యాం.

"కొన్న చేప ఎప్పుడన్న తినొచ్చురా. గియ్యాల నా చేత్తోని పట్టిందే నీకు పెడత. రేపు మాపు పోయేటోన్ని, మళ్ల ఎప్పుడొస్తనో."

శ్యాం సెలవు పెట్టాడు. నేనూ వెళ్లాను. సెలెటార్ రిజర్వాయర్ దగ్గర బతికున్న ఎర వెయ్యనివ్వరు. శ్యాం తన కార్బన్ గాలంకర్రకు రబ్బరు కప్పను కట్టి నాన్న చేతికిచ్చాడు.

"దీన్ని జూసి చేప నవ్వుతది" అన్నాడు బాబాయి. శ్యాం ఫోన్ మోగింది. "ఆ ఫోను నీళ్లల్ల ఏస్త. మీ మేనేజర్‌ను చేపలే చూసుకుంటయ్."

ఉక్కపోత. ఆకు కదలడం లేదు, చేప ముట్టడం లేదు. మధ్యాహ్నం దాటాక పడమట నల్లగా మబ్బు లేచింది, చల్లగాలి తగిలింది.

"ఉక్కకు అడుగున పన్న చేప ఇప్పుడు మీదికొస్తది, సూడు."

నిజంగానే నీళ్ల మీద గుండ్రటి అలలు లేచాయి. వెంటనే ఉరిమింది. పక్కన గాలమేస్తున్న చైనా ఆయన సామాను సర్దుకుని "అంకుల్, గో లా! లైట్నింగ్!" అని కేకేసి పరుగెత్తాడు.

బాబాయి కదల్లేదు. "అర్జున, ఫల్గుణ, పార్థ, కిరీటి..." అని చదవడం మొదలుపెట్టాడు. ఆ పేర్లు చదివితే పిడుగు పక్కకు పోతుందని మనవాళ్లందరికీ నమ్మకమే. నేనూ ఆయనతో గొంతు కలిపాను. ఊళ్లో ఆయన చేతిలో ఉండేది వలో, వెదురు కర్రో. ఇది కార్బన్, పిడుగును పిలిచే కర్ర.

"కర్ర పడెయ్ నాన్నా!"

"తగిలిందిరా! నీ చేప బిడ్డా, నీ చేప!"

కర్ర విల్లులా వంగింది. కళ్లు పోయేంత వెలుగు. వెనకాల చెట్టు నిలువునా చీలింది. బాబాయి గడ్డిలో పడి ఉన్నాడు.

ప్రాణం దక్కింది. చెవులు పోయాయి. కుడిచేతి వేళ్లు ముడుచుకోవడం లేదు. ఇంక గాలం పట్టలేడన్నారు.

ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజు శ్యాం మార్కెట్‌లో కొరమీను కొన్నాడు, నేను పులుసు పెట్టాను. బాబాయి తినకుండా కొడుకు కంచం వైపే చూస్తున్నాడు.

"పులుపు సరిపోయిందా బిడ్డా?"

"సరిపోయింది నాన్నా."

"ఆఁ?"

"సరిపోయింది!"

"ఏమంటున్నవ్‌రా?"

శ్యాం ముద్దను కంచంలోనే వదిలేశాడు. కళ్లు తుడుచుకుంటూ తలూపాడు. బాబాయి వాడికి రుచించలేదనుకున్నాడు.

"కొన్నది గదా, గట్లనే ఉంటది" అని మొహం తిప్పుకున్నాడు.

మీవాళ్లలో గాలమేసేవాళ్లు, వానలో చెరువు గట్టుకు పోయేవాళ్లు ఉంటే ఈ కథ వాళ్లకు పంపండి. ఫోన్ వాడటం రానివాళ్లకు మీరే వినిపించండి.