మొసలి మోచెయ్యి

ఎన్ని గోడలకి రంగులేసినా, పెయింటరుకి తన ఒంటి పెచ్చులు ఆపడం మాత్రం చేతకాలేదు. సోరియాసిస్. అతను లేచాక కుర్చీ దులిపితే ఇంకో పెయింటరు తయారయ్యేంత పొట్టు రాలేది. చిన్నప్పుడే తల్లి ముద్దుగా "మొసలి" అని పేరు పెట్టేసింది.

ఇప్పుడామెకి చూపు పోయింది. మతిమరుపు ముదిరి గొంతులన్నీ కలిసిపోతున్నాయి. మంచం పక్కన ఎవరు కూర్చున్నా ఎడమ మోచెయ్యి తడుముతుంది. గరుగ్గా తగిలితే, "వచ్చావురా మొసలీ!" నున్నగా తగిలితే, "ఎవరు బాబూ?"

ఆసుపత్రిలో లైటు వైద్యం మొదలైంది. నిలువెత్తు ట్యూబులైట్లు బిగించిన బీరువాలో, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, దాదాపు బట్టల్లేకుండా నిలబడాలి.

"సిస్టర్, కాస్త ఉప్పూకారం చల్లితే వేపుడైపోతా."

"కబుర్లాపి కళ్ళు మూసుకో అన్నా," అంది నర్సు.

కొన్ని నెలలకి వీపూ కాళ్ళూ కొత్త గోడలా తేలాయి. ఎడమ మోచెయ్యి మాత్రం మొండికేసింది. అనుమానమొచ్చి నర్సు ఓ రోజు తలుపు తీస్తే, మోచేతికి నల్లగుడ్డ కట్టుకుని నిలబడున్నాడు.

"ఏంటన్నా ఇది?"

"అదొక్కటీ వదిలెయ్ సిస్టర్. మా అమ్మకి నా అడ్రస్ అదే."

నర్సు తిట్టబోయి, తలుపు మూసి లైట్లు వేసింది.

ఆ సాయంత్రం తల్లి మోచెయ్యి తడిమింది. "వచ్చావురా మొసలీ!" మొహం విప్పారింది. అంతలోనే వేళ్ళు ఆగిపోయాయి. "ఇంకా తగ్గలేదా నాన్నా?" అంటూ ఏడ్చేసింది. నిన్నా ఏడ్చింది, మొన్నా ఏడ్చింది. నిన్నటిది గుర్తుండదు కాబట్టి, ఆమెకి ప్రతి ఏడుపూ మొదటిదే.

మర్నాడు అతనే గుడ్డ విప్పేశాడు.

"ఇన్నాళ్ళూ కప్పి ఉంచావు, ఒక్కసారే అంత వెలుగు పడితే కాలుతుంది," అని నర్సు అతని మోచేతికి విడిగా, కొద్ది సెకన్ల లైటుతో మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టింది. ఆ రోజు బీరువాలోంచి జోకులేమీ రాలేదు.

మోచెయ్యి నున్నబడ్డాక తల్లి ఒకటికి రెండుసార్లు తడిమి చూసింది.

"ఎవరు బాబూ?"

"పెయింటర్నండీ. గోడలు చూసిపోదామనొచ్చా."

"ఎంత నున్నగా ఉందయ్యా చెయ్యి! మా వాడిదీ ఇలా అయితే అంతే చాలు."

"అయిపోయిందండీ. నా కళ్ళారా చూశా."

ఆమె నోరారా నవ్వింది. చేతిని వదిలేసి, తలుపు వైపు చెవి ఒగ్గింది.

"మరి నాకు చూపించడానికి రాడేం, వెధవ?"

పెయింటరు లేచి, నిజంగానే గోడలు చూస్తూ నిలబడ్డాడు.